బడి వెనక మూడు సెంట్లు: తొమ్మిదో తరగతికి సేద్యం చెప్పడం ఎట్లా

"ఏం మేడమ్, ఇది మా నాయన చేసేదే కదా. దీనికి మళ్లీ పుస్తకమెందుకు?"

మదనపల్లె పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యవసాయం ఒకేషనల్ ట్రైనర్‌గా చేరిన మొదటి రోజు, వెనక బెంచీ పిల్లోడు అడిగిన మాట ఇది. తెల్లారుజామున టమోటా క్రేట్లు ఆటోలోకి ఎత్తి బడికొచ్చిన పిల్లోడు. చొక్కా భుజం మీద పచ్చ మరక ఇంకా తడిగానే ఉంది. ఆ పూట నా దగ్గర జవాబు లేదు, పుస్తకం తెరిచి చదివేశాను. మరుసటి రోజు నేనే ఎదురు ప్రశ్న వేశాను. "మీ నాయన పోయినేడు టమోటాకు ఎంత ఖర్చు పెట్టినాడు?" 32 మంది పిల్లల్లో ఒక్కరూ చెప్పలేదు. "చానా" అన్నారు. "ఎకరాకు ఎన్ని చెట్లు పడతాయి?" మళ్లీ "చానా".

పార పట్టడం వాళ్లకు నేర్పాల్సిన పని లేదు, నాకంటే బాగా పడతారు. వాళ్ల ఇళ్లలో లేనిది కొలత, రాత. ఆ సంగతి అర్థమయ్యాకే నాకు పాఠం చెప్పడం వచ్చింది. కొత్తగా చేరిన ట్రైనర్లకూ, తోట బాధ్యత నెత్తిన పడ్డ సైన్సు టీచర్లకూ పనికొస్తుందని నేను చేసేది చేసినట్టు రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. తొమ్మిది, పది తరగతుల వ్యవసాయ కోర్సులో ఒక జాబ్ రోల్ (అంటే పిల్లలకు నేర్పే వృత్తి) పేరు సోలనేషియస్ క్రాప్ కల్టివేటర్. భోపాల్‌లోని పండిట్ సుందర్‌లాల్ శర్మ కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ దీనికి పుస్తకం తయారు చేసింది. ఆ పేరు వినగానే పిల్లలు బెదిరిపోతారు. బోర్డు మీద "వంగ కుటుంబం" అని రాసి టమోటా, వంగ, మిరప, ఆలుగడ్డ పూలు నాలుగూ పక్కపక్కన పెట్టండి. ఐదు రేకులు, మధ్యలో ముక్కు. అన్నదమ్ములని వాళ్లే చెప్తారు. ఉమ్మెత్త పువ్వు కూడా ఒకటి తెచ్చి దూరంగా పెట్టి, అదీ ఈ ఇంటిదే, విషమని చెప్పండి. ఆ పాఠం ఎవరూ మర్చిపోరు.

పంట కంటే ముందు సెలవులు చూసుకోండి

మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఇదే. జూన్ 12న బడి తెరిచారు, ఉత్సాహంగా జులై మొదట్లో నారు పోశాం. ట్రేలో నారుకు 25 నుంచి 28 రోజులు, నాటాక తొలి కోతకు 60 నుంచి 65 రోజులు. కూడుకుంటే ఎక్కడికి వస్తుందో చూడండి. సరిగ్గా దసరా సెలవుల్లోకి. కాయ ఎర్రబడే వేళకు బడికి తాళం. తిరిగొచ్చేసరికి సగం కాయ నేల మీద కుళ్లింది, మిగతాది కోతులు చూసుకున్నాయి.

ఇప్పుడు జులై మూడో వారంలో విత్తుతాం. ఆగస్టు 18 ప్రాంతంలో నాటు, దసరా సెలవుల్లో చెట్టు పూత పిందె మీద ఉంటుంది, అక్టోబరు 20 దాటాక తొలి కోత. సెలవుల్లో కోత పని ఉండదు, నీళ్ల పని ఒక్కటే. దానికి 200 లీటర్ల డ్రమ్మును రాళ్ల దిమ్మె మీద నిలబెట్టి డ్రిప్ పైపులు కలిపాం. బడికి దగ్గర్లో ఇళ్లున్న ఆరుగురు పిల్లలు వంతులేసుకుని డ్రమ్ము నింపుతారు. మీ ఊళ్లో ఏ పంటైనా సరే, క్యాలెండరు గోడకు తగిలించి దసరా, సంక్రాంతి, పరీక్షల తేదీలకు ఎర్రగా సున్నాలు చుట్టి, కోత తేదీ నుంచి వెనక్కి లెక్కేయించండి. ఆ లెక్కే మొదటి ప్రాక్టికల్.

జూన్ నుంచి ఆగస్టు దాకా చేతులు ఖాళీగా ఉంటే పిల్లలకు విసుగు. అందుకని బడి తెరిచిన వారంలోనే మెంతికూర, పాలకూర మడులు వేయించండి. నెల తిరక్కుండా మెంతికూర మధ్యాహ్న భోజనం పప్పులో పడుతుంది. వంట చేసే అక్కలు మీ పక్షం చేరిపోతారు, అది చాలా అవసరం.

స్థలం మూడు సెంట్లు చాలు. పది సెంట్లు ఇస్తామన్నా తీసుకోవద్దు. వారానికి మీకొచ్చే పీరియడ్లలో పది సెంట్లకు కలుపే తీయలేరు. మేం రెండు సెంట్లలో టమోటా, ఒక సెంటులో వంగ, మిరప, ఆకుకూరలు వేస్తాం.

నూరు గింజల పరీక్ష

ఇంత చవకైన ప్రాక్టికల్ మరొకటి లేదు. కావాల్సింది పాత నూలు గుడ్డ, నీళ్లు, నూరు గింజలు. పిల్లల్ని ఇళ్ల నుంచి మిగిలిపోయిన విత్తనాల ప్యాకెట్లు తెమ్మనండి, ఖాళీవైనా పర్వాలేదు. గింజలు ముట్టుకోక ముందు లేబుల్ చదివించండి. నీలం లేబుల్ అంటే సర్టిఫైడ్ విత్తనం, ఆకుపచ్చ అంటే కంపెనీ తన పూచీ మీద అమ్మేది. మొలక శాతం ఎంత, పరీక్ష ఎప్పుడు చేశారు, గడువు ఎప్పటిదాకా, అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కాలి. గింజకు గులాబీ రంగో ఎరుపో పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనం. చేతితో తీయకూడదు, కాగితం గరిటెతో తీయాలి. తర్వాత సబ్బుతో చేతులు కడగాలి.

తడిపి పిండిన గుడ్డ మీద పది వరుసలు, వరుసకు పది గింజలు. వరుసలు వంకరపోతే లెక్క తప్పుతుంది, అందుకని మేం గుడ్డ మీద పెన్సిలుతో గళ్లు గీస్తాం. పైన ఇంకో తడి గుడ్డ కప్పి చాపలా చుట్టి, పేరు, తేదీ రాసిన చీటీ కట్టి నీడలో పెట్టాలి. రోజూ నీళ్లు చిలకరించాలి, నానబెట్టకూడదు. టమోటాకు ఐదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు చివరిసారి లెక్క. వేరూ మొలకా రెండూ సరిగ్గా ఉన్నదే లెక్కలోకి వస్తుంది. వేరు ముక్కు మాత్రం చూపించి ఆగిపోయింది మొలక కాదు. ఇక్కడ పిల్లలు కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి.

ప్రభుత్వ ప్రమాణం ప్రకారం టమోటా, వంగ విత్తనాల్లో నూటికి కనీసం 70, బెండలో 65, మిరపలో 60 మొలవాలి. పోయినేడు ఒక అమ్మాయి ఇంట్లో రెండేళ్లుగా అటక మీదున్న టమోటా ప్యాకెట్ తెచ్చింది. 41 మొలిచాయి. ఆ సాయంత్రమే పోయి వాళ్ల నాయనకు చెప్పింది. "అదే విత్తనం మళ్లా పోద్దామనుకుంటిమే" అని ఆయన మరుసటి రోజు బడికొచ్చి గుడ్డ చుట్ట విప్పించుకుని చూసిపోయాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో నన్ను ఎవరూ "పుస్తకాల మేడమ్" అనలేదు.

సెంటుకు ఎన్ని చెట్లు

సెంటంటే 48.4 చదరపు గజాలు, సుమారు 40.5 చదరపు మీటర్లు. అంకె చెప్తే ఎక్కదు. టేపు పట్టుకుని, పురికొస కట్టి, నాలుగు మూలల్లో మేకులు దిగగొట్టించండి. "ఇంతేనా సెంటంటే?" అంటారు తప్పకుండా.

పుస్తకం ప్రకారం సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, చెట్టుకు చెట్టుకు 45. అంటే చెట్టుకు 0.27 చదరపు మీటరు, సెంటుకు 150 చెట్లు. ఇది బోర్డు మీద వేయగానే ఒకడు లేచాడు. "మా నాయన సాలు నాలుగడుగులు పెడతాడు మేడమ్. కట్టెలు కట్టల్ల, మనిషి దూరి కోయల్ల." వాడు చెప్పింది నిజమే. మా ప్రాంతంలో హైబ్రిడ్ టమోటాకు కట్టెలు నాటి, దారం లాగి కడతారు. నాలుగడుగుల సాలైతే సెంటుకు 75 చెట్లే. పుస్తకం రైటా, నాయన రైటా? ఇలాంటి ప్రశ్న దొరికితే వదలకండి. ఒక సెంటు పుస్తకం లెక్కన, ఇంకో సెంటు నాయన లెక్కన నాటాం. ఎరువు, నీళ్లు రెండింటికీ సమానం. ప్రతి కోతా విడివిడిగా తూకం వేసి రాశారు. మొత్తం మీద దగ్గర మడికే ఎక్కువ బరువొచ్చింది కానీ చెట్లు రెట్టింపైనా కాయ రెట్టింపు కాలేదు. కింది ఆకుల్లో ఆకుమాడు తెగులు కూడా ఆ మడికే ముందొచ్చింది, గాలి ఆడక. కట్టెల ఖర్చు కలిపి చూశాక పిల్లలు రెండు జట్లయ్యారు. ఎవరు గెలిచారో నేను తీర్పు చెప్పలేదు.

నారు లెక్క కూడా ఇక్కడే చేయించేయండి. మాకు కావాల్సింది 150 ప్లస్ 75, మొత్తం 225 మొక్కలు. చచ్చినచోట మళ్లీ నాటడానికి పదో వంతు కలిపితే 248. ట్రేకు 98 గుంతలు, మూడు ట్రేలకు 294. మా విత్తనం నూటికి 86 మొలిచింది కాబట్టి 252 వస్తాయి. సరిపోతుంది. 60 మాత్రమే మొలిచే విత్తనమైతే ఎన్ని ట్రేలు కావాలి? ఈ లెక్క పరీక్షలో వచ్చినా రాకపోయినా మీరు మాత్రం అడగండి.

ట్రేల్లో ఒక్క జాగ్రత్త. పొద్దున ఒకసారి పూల క్యానుతో నీళ్లు చాలు. ప్రేమ ఎక్కువై మూడు పూటలా పోసే పిల్ల ప్రతి తరగతిలో ఒకరుంటారు. మొదలు దగ్గర మెత్తబడి నారు పడిపోతుంది, అదే నారుకుళ్లు. ఒక ట్రే అలా పోతే పోనివ్వండి, పాఠం అవుతుంది. మూడూ పోతే మీ జేబు ఖర్చే.

బస్తా మీది అంకెలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇది. కొంచెం ఎక్కువ రాస్తాను.

ఖాళీ ఎరువుల సంచులు రెండు తెప్పించండి. యూరియా సంచి మీద 46, డీఏపీ సంచి మీద 18-46 అని ఉంటుంది. చాలామంది పిల్లలు, వాళ్ల నాయనలు కూడా, ఇవి బ్రాండు నంబర్లనుకుంటారు. నూరు కిలోల యూరియాలో 46 కిలోలే నత్రజని. డీఏపీలో 18 నత్రజని, 46 భాస్వరం. ఇంకోటి, యూరియా బస్తా 50 కిలోలని అందరూ అంటారు, సంచి మీద చదివించండి, 45.

ఇప్పుడు లెక్క. టమోటాకు ఎకరాకు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం కావాలనుకుందాం. భాస్వరం ముందు. 24ని 46తో భాగించి నూరుతో గుణిస్తే 52 కిలోల డీఏపీ. ఆ 52 కిలోల్లో నత్రజని కూడా వస్తుంది కదా, 9.4 కిలోలు. దాన్ని 60లోంచి తీసేస్తే మిగిలేది 50.6. దానికి యూరియా 110 కిలోలు, రెండున్నర బస్తాలు. ఇక్కడికి రాగానే తరగతిలో గుసగుస మొదలవుతుంది. "మా ఇంట్లో నాలుగేస్తారు." "మేం ఐదు." డీఏపీలోని నత్రజనిని ఎవరూ లెక్కలోంచి తీసేయరు, అసలు కిటుకు అక్కడుంది.

ఎకరాకు 110 కిలోలంటే సెంటుకు కిలో వంద గ్రాములు. మూడు దఫాలుగా, నాటిన 30, 45, 60 రోజులకు వేస్తే దఫాకు 370 గ్రాములు. 150 చెట్లకు పంచితే చెట్టుకు రెండున్నర గ్రాములు. అర టీస్పూను! తూకం మీద పెట్టి చూపించండి. గుప్పెడు గుప్పెడు చల్లే పిల్లలు ఆ అర స్పూను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి, ఇంటికి పోయి అదే చెప్తారు.

దీనికి ముందు మట్టి పరీక్ష చేయించాలి, అది మామూలే. వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, గోడ వారగా మట్టి తీసి, పది చోట్లది కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలో మిగల్చాలి. నమూనా రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఫలితం మీ పాఠం టైముకు రాకపోవచ్చు, దానికోసం నాటు ఆపకండి.

జీవామృతం చేయించేవాళ్లకు ఒక మాట. అందరూ చెప్పే కొలత ఎకరాకు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను, 200 లీటర్ల నీళ్లు. నేను మొదటి ఏడాది అంతా డ్రమ్ములో కలిపించాను. మూడు సెంట్లకు కావాల్సింది ఆరు లీటర్లు! మిగిలింది వారం రోజులు పక్క తరగతికి వాసన పంచింది, ఆ తరగతి లెక్కల సారు నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. పదో వంతు చాలు. 20 లీటర్ల బకెట్‌లో కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పిండి.

పురుగు లెక్క, మందు సంగతి

వారానికోసారి, మొదటి పీరియడ్‌లో, ఎండ ముదరక ముందు. మడిలో అడ్డదిడ్డంగా పది చెట్లు. ప్రతి చెట్టులో పైన, మధ్య, కింద ఒక్కో ఆకు మెల్లగా తిప్పి తెల్లదోమలు లెక్కపెట్టాలి. విసురుగా తిప్పితే అన్నీ ఎగిరిపోతాయి, సున్నా అని రాసేస్తారు. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. పైముడత, కిందిముడత అనే మాటలు పిల్లలకు ఇంట్లో తెలిసినవే, వెనక ఏ పురుగుందో తెలియదు. భూతద్దం ఒక్కటి కొనండి.

పాత డబ్బా రేకులకు పసుపు రంగేసి ఆముదం పూసి కట్టెలకు తగిలిస్తే తెల్లదోమ అతుక్కుంటుంది. టమోటా మధ్య బంతి సాలు వేస్తే కాయతొలిచే పురుగు బంతి పూల వైపు పోతుంది. 16 టమోటా సాళ్లకు ఒక బంతి సాలు లెక్క, కానీ బంతి నారు టమోటా నారు కంటే పదిహేను రోజులు ముందు పోయాలి. లేకపోతే పురుగొచ్చే వేళకు బంతి పూయదు.

మందుల విషయంలో నాది ఒకటే కట్టడి. పిల్ల చేతికి స్ప్రేయరు ఇవ్వను. ఖాళీ డబ్బా కూడా ముట్టుకోనివ్వను. డబ్బా మీది త్రిభుజాల ఫొటో మాత్రం చూపిస్తాను. ఎరుపు అతి ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఇంట్లో ఏ రంగు డబ్బాలున్నాయో, ఎక్కడ పెడతారో దూరం నుంచి చూసి రాసుకు రమ్మంటాను. వంటింటి అటక మీద ఉన్నాయని రాసినవాళ్లు చాలామంది. మా తోటకు వేప కషాయమే. బడి తెరిచే జూన్, జులైల్లోనే వేపపళ్లు రాలతాయి, ఏరించి పప్పు ఎండబెట్టించండి. లీటరుకు 50 గ్రాముల పప్పు పొడి, రాత్రంతా నానబెట్టి వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట నేనే కొడతాను.

"మా పిల్లోడికి పార పట్టించేందుకా?"

ఈ మాట మీకూ ఎదురవుతుంది. ఒక తల్లి గేటు దగ్గర నిలబడి అరిచింది. "ఈ మట్టి నుంచి బయటపడతాడని బడికి పంపితే, మీరు మళ్లా మట్టిలోకే దింపుతారా?" ఆమె కోపం అర్థం లేనిది కాదు. నేను వాదించలేదు. కొడుకు నోటుపుస్తకం చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు, కొడుకే చదివి వినిపించాడు. మొలక శాతం, ఎరువు లెక్క, తేదీలు. ఆమె మెత్తబడిందని చెప్పను గానీ మళ్లీ అరవలేదు. ఆ తర్వాత నేను పెట్టుకున్న కొలత ఇది. ఒక పీరియడ్‌లో చేతిపని సగానికి మించకూడదు, మిగతా సగం కొలవడం, రాయడం. దున్నడం, గట్లు వేయడం లాంటి మోటు పనికి కూలీని పెట్టుకోండి, ఆ డబ్బు మీకు తిరిగి రావడం ఆలస్యమైనా సరే. ఆడపిల్లలకు కలుపు, మగపిల్లలకు తూకం అని పని పంచారో, అక్కడే చెడగొట్టుకున్నట్టు. వంతులు తిప్పండి.

నోటుపుస్తకం జట్టుకు ఒకటి, నలుగురికి ఒకటి. తేదీ, చేసిన పని, పట్టిన సమయం, అయిన ఖర్చు. అంతే. అందమైన బొమ్మలు, స్కెచ్ పెన్నులు వద్దు. పరీక్షకొచ్చే బయటి అసెసర్ కూడా మన్ను అంటిన పుస్తకాన్నే నమ్ముతాడు.

కోతలప్పుడు ఒక్కరోజు మార్కెట్ యార్డుకు తీసుకెళ్లండి. 2023 జులైలో టమోటా కిలో నూరు దాటినప్పటి కథలు మా పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రోడ్డు పక్కన పారబోసిన ఏడాదుల గురించి ఎవరూ చెప్పుకోరు. ఒక అమ్మాయి ఇంటి లెక్క రాసుకొచ్చింది: 25 కిలోల క్రేటుకు కోత కూలి 25, ఆటో బాడుగ 20, ఎత్తుడు దింపుడు 5, ఆపైన కమీషన్. "అంటే క్రేటు 55కు పోకపోతే కోసేదాని కంటే వదిలేసేదే మేలు మేడమ్" అంది. విత్తనం, ఎరువు ఖర్చు అప్పటికే అయిపోయింది కాబట్టి ఈ లెక్కలోకి రాదని తనే కనిపెట్టింది. డిగ్రీలో నాకు ఇది అర్థం కావడానికి ఒక సెమిస్టరు పట్టింది.

పది తర్వాత ఏమిటని అడుగుతారు, తెలుసుకుని ఉండండి. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. ఉద్యానానికి వెంకట్రామన్నగూడెం విశ్వవిద్యాలయం, పశువులకు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం డిప్లొమాలు నడుపుతాయి. డిప్లొమా అయ్యాక అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీ వ్యవసాయంలోకి పోవచ్చు. 2019లో గ్రామ సచివాలయాల వ్యవసాయ సహాయకుల పోస్టులకు డిప్లొమా వాళ్లూ అర్హులే. ఇంటర్‌లో ఒకేషనల్ తీసుకునే పిల్లలకు బ్రిడ్జి కోర్సు (మామూలు డిగ్రీల్లోకి పోవాలంటే అదనంగా రాయాల్సిన పేపర్లు) సంగతి చేరేముందే చెప్పండి, తర్వాత ఏడ్చి లాభం లేదు. పురుగుమందుల అంగడి పెడతాననే పిల్లోడు ఉంటాడు, దానికీ ఇప్పుడు చదువు కావాలి. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ రూపొందించిన ఏడాది 'దేశి' డిప్లొమా ఆ వ్యాపారం చేసేవాళ్ల కోసమే. సేద్యమే చేస్తాననే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లు సిగ్గుపడుతూ చెప్తారు.

జనవరి చివర్లో చెట్లు పీకించేయండి. పదో తరగతి వాళ్లకు పరీక్షలు, తొమ్మిది వాళ్లకు ఓపిక ఉండదు. తెగులు పట్టిన చెట్లను కంపోస్టులో వేయకుండా కాల్చేయండి. వచ్చే ఏడాది ఆ రెండు సెంట్లలో మళ్లీ వంగ కుటుంబం వద్దు, మొక్కజొన్నో చిక్కుడో వేసి టమోటాను ఆకుకూరలు పెరిగిన చోటికి జరపండి. ట్రేలు కడిగి బోర్లించి, తూకం రాళ్లు లెక్కపెట్టి, నోటుపుస్తకాలన్నీ బీరువాలో పెట్టండి. పారేయకండి. జూన్‌లో కొత్త తొమ్మిదో తరగతికి నేను మొదటి రోజు పుస్తకం తెరవను, ఈ పాత నోటుపుస్తకాల్లో ఒకటి తీసి ఇస్తాను. పోయినసారి తెరుచుకున్న పేజీలో ఇలా ఉంది: "సెప్టెంబరు 9. నీళ్లు పెట్టడం మరచిపోయినాము. 11 చెట్లు వాడినవి. మేడమ్‌కు చెప్పలేదు."